కొత్త మెషిన్ వద్దన్న మా కరుణక్క

నిన్న మధ్యాహ్నం షట్టర్ సగం దించి అన్నం తింటుంటే ఫోన్ వచ్చింది.

కరుణక్క ఇక లేదట.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మొన్న ఆదివారమే కదా, చర్చి నుంచి వస్తూ షాపు ముందు ఆగి నా కొత్త బోర్డు చూసి నవ్వింది!

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. అక్కది గుంటూరు వైపు. బోరబండలో మా ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేది. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో డేటాబేస్ చూసుకునేది. నేను కంప్యూటర్ పార్ట్స్ షాపు కొత్తగా పెట్టాను.

వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒక దవాఖానలో నడిచేది. ఓపీ కౌంటర్‌లో పేరు కొడితే స్క్రీన్ కదలదు. పేషెంట్లు ఎండలో లైన్. సోమవారానికి బాగవకపోతే సాఫ్ట్‌వేర్ పీకేస్తామన్నారు దవాఖానవాళ్లు.

మేనేజర్ నన్ను పిలిచి పెద్ద సర్వర్‌కి కొటేషన్ అడిగాడు. నా మొదటి పెద్ద ఆర్డర్!

అక్క ఏదో టైప్ చేసి స్క్రీన్ మావైపు తిప్పింది.

"CPU చాలావరకు ఖాళీగానే ఉందండి. ఇంకోటి తెస్తే రెండూ కలిసి ఖాళీగా కూర్చుంటాయి."

"మరి ఇంత స్లో ఎందుకు?" అన్నాడు మేనేజర్.

"పని ఎక్కువై కాదండి. ఆగడమంతా డిస్క్ దగ్గరే. పాత రికార్డు వెతకాలన్నా, కొత్తది రాయాలన్నా అందరికీ ఆ ఒక్కటే. శ్రీనూ, ఇంకో డిస్క్ తెచ్చిపెట్టరా, చాలు."

"నా కడుపు మీద కొడ్తవా ఏందక్కా?" అన్నాను. మేనేజర్ కూడా నవ్వేశాడు.

డిస్క్ బిగించాను. రాసే పనంతా అక్క దాని మీదికి మార్చింది.

సోమవారం కౌంటర్ దగ్గర నేనూ నిలబడ్డాను. పేరు కొట్టడం, చీటీ రావడం! ఒక ముసలమ్మ "గింత జల్దీ అయిపాయెనా?" అని చీటీ తిప్పి తిప్పి చూసింది. సాఫ్ట్‌వేర్ నిలబడింది. అక్క మాత్రం టీ తాగుతూ కూర్చుంది.

ఇంట్లోనూ అంతే. మా చెల్లి ఎంగేజ్‌మెంట్ నాడు వంట లేటయింది. ఇంకో వంటమనిషి కావాలని నేను పరేషాన్. అక్క వంటింట్లోకి తొంగిచూసి, "మనుషులున్నారు శ్రీనూ, కత్తిపీటే ఒక్కటుంది" అంది. పక్కింటి నుంచి ఇంకోటి తెచ్చాం. అంతే!

ఈ పొద్దున అక్కకు పూలదండ తేవడానికి వెళ్లే ముందు షట్టర్ తీశానో లేదో ఒకాయన కంప్యూటర్ పట్టుకొని వచ్చాడు.

"సిస్టమ్ స్లో అయింది భాయ్, కొత్తది చూపియ్."

"ముందు ఇది దేని కోసం ఆగుతుందో చూద్దాం అన్నా" అన్నాను.

విప్పి చూశాను. పాతదే చాలు. బాగుచేసి పంపించాను.

అక్కా, నా షాపులో నీ మాటే నడుస్తోంది. చాలా గర్వంగా ఉంది.

సాయంత్రం చర్చికి అందరూ రండి. సాగనంపుదాం.

వెళ్లిరా కరుణక్కా. నీ ప్రభువు దగ్గర హాయిగా ఉండు.