సాల్మియాలో చిన్నమ్మ చేసిన స్ట్రూడల్

చిన్నమ్మ పోయిందని మొన్న మధ్యాహ్నం కడప నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. నాకు ముందు ఏడుపు రాలేదు, గుండె దడ వచ్చింది. ఆమెను తలచుకుంటే ఇన్నేళ్లుగా నాకు జరిగేది అదే.

కువైట్‌లో, సాల్మియాలో చిన్నమ్మ ఆస్ట్రియా దొరసాని ఇంట్లో వంట చేసేది. అందరు పనివాళ్లలాగే యజమానురాలిని మామా అనేది. రాగిసంగటి కెలికిన చేతులు అక్కడ స్ట్రూడల్ అనే ఆ దేశపు ఆపిల్ పిండివంట నేర్చాయి. బల్ల మీద గుడ్డ పరిచి, మైదాపిండి ముద్దను మెల్లగా సాగదీస్తూ బల్లంతా పరచాలి. "కింద జాబు పెడితే అచ్చరాలు కనపడాల పిల్లా, అప్పుడే సాగినట్టు" అనేది. పైన ఆపిల్ ముక్కలు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క పొడి చల్లాక, ఇద్దరు చెరో కొస పట్టుకుని గుడ్డ ఎత్తితే అది చాపలా చుట్టుకుంటుంది. రెండో కొస ఎప్పుడూ మామాదే. చిన్నమ్మ కేకేసేది, ఆమె వచ్చేది.

ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు దొర స్వదేశంలో ఉన్నాడు. అక్కడే నేను పనిచేసే ఇంటివాళ్లు సౌదీకి పారిపోతే, నాకు తిండీ నీడా ఇచ్చింది చిన్నమ్మే. సైనికులు తెల్లవాళ్ల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. దాచినవాళ్లను కాల్చేస్తారని చెప్పుకుంటున్నారు. మేం మామాను సామాన్ల గదిలో దాచాం. మూడు రోజులు ఆమె ఏమీ ముట్టలేదు. "తినకుంటే బయం తగ్గుతాదా?" అంటూ చిన్నమ్మ మిగిలిన ఆపిల్ పండ్లు తరిగింది. ఇలాంటప్పుడు స్ట్రూడలా అని చిన్నమ్మ మొండితనానికి నాకు ఒళ్లు మండింది.

పిండి సాగుతుండగానే ఇద్దరు సైనికులు వచ్చారు. తలుపు తీసి నేను గోడకు అంటుకుపోయాను. చిన్నమ్మ చేతులు ఆపలేదు, ఆపితే పిండి ఎండి చిరుగుతుంది. ఆపిల్ ముక్కలు చల్లింది, గుడ్డ కొస పట్టుకుంది, అలవాటుకొద్దీ, త్వరగా రమ్మని అరబ్బీలో గొంతెత్తింది.

"మామా! యల్లా!"

ఒక సైనికుడు సామాన్ల గది వైపు తిరిగాడు.

"వస్తాండా!" అని అరిచి నేను ఉరికివెళ్లి రెండో కొస పట్టుకున్నాను. నా వణుకుకు పిండి నిలువునా చిరిగింది. "చేతులు పడిపోయినాయా నీకు? చించేస్తివి కదే!" అని చిన్నమ్మ నిజంగానే కోప్పడింది. సైనికులు నవ్వారు. పిలిస్తే మనిషి వచ్చింది, వాళ్లకది చాలింది. వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు మామా క్షేమంగా తన దేశం చేరింది. చిన్నమ్మ మాత్రం "నా నోరే ఆయమ్మ ప్రాణం తీసుండేది" అని కుమిలేది. ఆ తర్వాత ఆమె ఎవరినీ కేకేసి పిలవలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, నడిచొచ్చి భుజం తట్టేది. ఊరికి తిరిగొచ్చాక మేమంతా దానికి నవ్వేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

"పక్క గదిలోనే ఉంటినక్కా. ఒక్క పిలుపు పిల్చింటే ఉరికొస్తాంటి కదా" అని చిన్నమ్మ కూతురు ఫోన్‌లో ఏడ్చింది. వెళ్లి చూసేసరికి చిన్నమ్మ చెయ్యి మంచం దాటి, తలుపు వైపు చాచి ఉందట.