రాహేలు చెలమ

కృష్ణ సముద్రంలో కలిసేచోట, రేపల్లెకు దిగువన, కాకిదిబ్బ అని ఒక లంక ఉండేది. ముప్పై గుడిసెలు, కాసిని సరుగుడు చెట్లు, అంచుల్లో మడ అడవి, అంతే. ఎటు చూసినా నీళ్లే, గుక్కెడు తాగడానికి పనికిరావు. దిబ్బ నడుమ ఇసకలో మోకాటిలోతు చెలమ ఒక్కటే వాళ్లందరికీ ప్రాణం. ఆ చెలమను చూసుకునే మనిషి రాహేలు.

చూసుకోవడమంటే మాటలా? అత్త పోతూ పోతూ ఆమెకు అప్పగించిన ఆస్తి ఒక కొబ్బరిచిప్ప, ఒక మాట. "పైన తీపి, అడుగున ఉప్పు. పాలమీద మీగడ తీసినట్టు చిప్పతో తియ్యాలే పిల్లా. లోతు చేశావా, కొంప ముంచావే." పొద్దున పాతిక బిందెలు, సాయంత్రం పాతిక. ఆపైన ఎవరొచ్చి కాళ్లావేళ్లా పడ్డా రాహేలు చిప్ప బోర్లించేసేది. ఆమె నోటికి జడిసే చెలమ బతికిందని ఊళ్లో అనుకునేవారు.

అరవై ఆరులో తెనాలి జనార్దనరావు లాంచీ దించాడు. రైసు మిల్లున్న ఆసామి. కార్తీకమాసం వస్తే చాలు, తెనాలి, బాపట్ల జనం రైలెక్కి రేపల్లెలో దిగడం, పెనుమూడి రేవులో లాంచీ ఎక్కడం, కాకిదిబ్బ మీద వనభోజనాలు. ఉప్పునేలలో ఉసిరిచెట్టు ఎక్కడిది? రేపల్లెలో కొమ్మ నరికించి తెచ్చి, ఇసకలో పాతి, దాని కింద విస్తళ్లు వేసుకునేవారు. భక్తంటే అదీ!

దిబ్బకు మంచిరోజులొచ్చాయన్నారు. అబద్ధమూ కాదు. రాహేలు మొగుడు జకరయ్య వల మూలన పడేసి, మడచెట్లు కొట్టి వంటచెరుకు అమ్మాడు. ఆడవాళ్లు చేపలు వేయించి అమ్మారు. నీళ్లు తోడినందుకు రాహేలుకు లాంచీ అయ్యగారు నెలజీతం కట్టాడు. ఆమె పుట్టి బుద్ధెరిగాక చేతికి జీతమన్నది రావడం అదే మొదలు. ఇంటిమీద తాటాకు పోయి పెంకు వచ్చింది.

అరవై తొమ్మిది నాటికి ఆదివారానికి మూడు లాంచీలయ్యాయి. సముద్రంలో మునిగిన ప్రతివాడికీ మళ్లీ మంచినీళ్ల స్నానం కావాలి. చిప్పతో తోడితే ఏమూలకు? చెలమను లోతుగా తవ్వి బావి చెయ్యడానికి అయ్యగారు సిమెంటు ఒరలు, నీళ్లు తోడే ఆయిలింజను తెప్పించాడు.

"వద్దండీ అయ్యగారూ, అడుగున ఉప్పుందండి," అంది రాహేలు.

"పిచ్చిదానా! మా తెనాలి పొలంలో ముప్పై అడుగులు దింపితే కొబ్బరినీళ్లలాంటివి పడ్డాయి. లోతుకెళ్లేకొద్దీ నీరు మంచిదే. నీకు శ్రమ తగ్గుద్ది. జీతం మాత్రం తగ్గదులే."

పాపం, ఆయనలో మోసం లేదు. మాగాణి మనిషికి నేలంటే తన పొలమే. కానీ రాహేలుకు తెలుసు కదా! గుంటకు అడ్డంగా కూర్చుని ఊరు లేపాల్సిన మనిషి, జీతం మాట చెవిన పడేసరికి నోరు మూసుకుంది. రెండోసారి వద్దనలేదు. ఆ ఊరుకోవడమే తరువాత ఆమెను నిలువునా తినేసింది.

మొదట్లో గొట్టంలోంచి నీళ్లు ఎగిరిపడుతుంటే ఊరంతా పండగే. మూడో కార్తీకానికి కందిపప్పు ఉడకలేదు. కాఫీకి పెట్టిన పాలు పొయ్యిమీదే విరిగిపోయాయి. వచ్చినవాళ్లు సణుక్కుంటూ పెందలాడే లాంచీ ఎక్కేశారు. రాహేలు ఇంజను ఆపించి, పాత చిప్ప వెతికి తీసి, ముంచి తాగి చూసింది. ఉప్పు. పక్కన తవ్వించింది. అదీ ఉప్పే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

లాంచీలు రావడం మానేశాయి. జకరయ్య మళ్లీ వల దులిపితే, మడ కొట్టేసిన చోట రొయ్యలు లేవు. ఆడవాళ్లు పడవేసుకుని పెనుమూడి పోయి బిందెలతో నీళ్లు తెచ్చుకోసాగారు. ఒక్కరూ రాహేలును తిట్టలేదు. తిట్టినా బావుండేది! బిందె మోసి మోసి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేక, ఆమె అలిసిపోయింది. ఆ పెద్ద నోరు ఏమైందో ఎవరికీ తెలియదు.

డెబ్బై మూడులో లాంచీ నడిపే నరసింహం కబురు తెచ్చాడు. "అక్కా, అయ్యగారు ఇంకో లంక చూశారు. అక్కడా తియ్యటి చెలమ ఉంది. ఇంజను సంగతి నీకు తెలుసుగా, అక్కడి మనిషికి నేర్పాలంట. నెలరోజుల జీతం ఇస్తారంట."

రాహేలు తన బావిలో ఒక బిందె ముంచుకుని లాంచీ ఎక్కింది.

కొత్త లంకలో చెలమ పక్కన కోటిరత్నమనే ఆవిడ చిప్పతో నీళ్లు తోడుతోంది. రాహేలు చంకన బిందె దించి, "ఇవి ఒక్క గుక్క తాగి చూడు చెల్లీ," అంది.

కోటిరత్నం నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది. "ఓయమ్మో! ఏంటివి, సముద్రం నీళ్లా?"

"మా చెలమ నీళ్లే. మావీ మీవాటిలాగే తియ్యగా ఉండేయి. ఒరలు దింపనియ్యొద్దు. కాళ్లమీద పడైనా ఆపు."

కోటిరత్నం రేవు వైపు చూసింది. పడవలోంచి సిమెంటు ఒరలు దొర్లిస్తున్నారు.

"వద్దనే అన్నానక్కా, ఒకసారి," అంది తల దించుకుని. "నాకూ నెలజీతం ఇస్తామన్నారు."

రాహేలు ఏ మొహం పెట్టుకుని ఆమెను తప్పుపడుతుంది? కోటిరత్నం చేతిలో చిప్ప అందుకుని, పైపైన ముంచి తాగింది. చెలమ నీళ్ల తీపి నాలుకకు తగిలి రెండేళ్లయింది. ఏడుపొచ్చింది. కాసేపటికి లేచి, దూరంగా పోయి బిందెలో ఉప్పునీళ్లు పారబోసి వచ్చింది.

"ఒక బిందె తోడుకోనా చెల్లీ?" అంది. "ఉన్నప్పుడే."