ఎర్ర ఉయ్యాల

మొన్న బట్టల దుకాణంలో కొత్త ఎర్రగుడ్డ గంజి వాసన తగలగానే సిరిసిల్లలోని ఒక ఆదివారం గుర్తుకొచ్చింది.

నక్సలైట్ల కోసం పోలీసులు ఊరూరా గాలిస్తున్న రోజులవి. మరమగ్గాలకు సెలవని బాపు మమ్మల్ని మానేరు ఒడ్డుకు తీసుకెళ్లాడు. తాను నేసిన ఎర్రగుడ్డను వేపకొమ్మకు ఉయ్యాలగా కట్టి, అందులో తమ్ముణ్ణి పడుకోబెట్టాడు. మేం అన్నం తింటుండగా జీపు వచ్చి ఆగింది.

"జెండా ఎవడు కట్టిండ్రా?" అంటూ ఎస్సై బాపు కాలర్ పట్టుకున్నాడు.

"జెండా కాదు సార్, ఉయ్యాల." బాపు రెండు చేతులూ జోడించాడు.

"తినకుంటే పోలీసోళ్లు ఎత్కపోతరు బిడ్డా" అని అమ్మ రోజూ బెదిరించేది. నేను గబగబా ముద్దలు మింగాను.

కానిస్టేబుల్ తుపాకీ మొనతో గుడ్డ జరిపి చూశాడు. "సార్, లోపట చిన్న పోరడున్నడు! నవ్వుతున్నడు."

ఎస్సై కాలర్ వదిలేశాడు. "ఇంకో రంగు దొరకలేదారా నీకు?"

"మగ్గం మీద గిదే ఉండె సార్."

"విప్పెయ్. ఇంకోడైతే అడగకముందే కాలుస్తడు."

జీపు వెళ్లిపోయాక బాపు ఇసుకలో కూలబడి, తమ్ముణ్ణి హత్తుకుని చాలాసేపు నవ్వాడు. అమ్మ ఏడ్చింది. నేను ఖాళీ పళ్లెం చూపించాను.

భయం తీరిన చోటే నమ్మకం పుడుతుందని ఇప్పుడు హేతువాద సభల్లో వాదిస్తుంటాను. ఆ రాత్రి మాత్రం, అన్నమంతా తిని మా వాళ్లందరినీ నేనే కాపాడానని హాయిగా నిద్రపోయాను.