ఫ్రీ లేదు: ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఒక పగలు

మా అమ్మ ఫోన్లో ఎవరితో మాట్లాడినా నా గురించి చెప్పే మాట ఒకటే: "మా పాపా? ఫ్రీగానే ఉంది." ఎమ్మెస్సీ అయి రెండేళ్లు. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం మూడు గంటలు పోటీ పరీక్షలకు చదువుతాను. మా ఇంట్లో ఎవరి కంటికీ అది పనిలా ఆనదు. గ్యాస్ బండ దించుకోవాలన్నా, నాన్న చెప్పులు కుట్టించాలన్నా ఫ్రీగా ఉన్నది నేనే. పెద్దకడుబూరు పక్క పల్లె నుంచి మా నానమ్మ చెల్లెలు ఉసేనమ్మవ్వ ఎడమ కన్ను నొప్పంటూ మా ఇంటికి వచ్చినప్పుడు, ఆదోని కంటి ఆసుపత్రికి తీసుకుపోయే పని నా మీద పడింది అందుకే. అవ్వ కొడుకూ కోడలూ సుగ్గికి పోయారు. మిరప కోతల కూలికి గుంటూరు వైపు పోతే మళ్లీ ఉగాదికే రావడం.

ఏడున్నరకు ఎమ్మిగనూరు బస్టాండు చేరితే పావుగంటలో పల్లెవెలుగు దొరికింది. ఆదోనికి దాదాపు గంట ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు. నేను సీటుకు ఆనుకోబోతే కండక్టరు అరిచాడు: "ఆనుకోవద్దక్కా, బోల్టు ఫ్రీ అయిపోయింది, ఎనక్కి పడతావు!" పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఊరుకోలేదు. "చూడప్పా, దుడ్లిచ్చినోళ్లం నిలబడాల, ఫ్రీవోళ్లు కూసోవాల."

"నువ్వూ చీర కట్టుకొని రా నాయనా, ఎవరొద్దన్నారు?" అంది అవ్వ. బస్సంతా నవ్వింది. ఆ పెద్దమనిషి కూడా.

ఆదోనిలో దిగి ఉగ్గాని, బజ్జి తిన్నాం. ప్లేటు నలభై. పత్తి లారీల మధ్య నుంచి దూరుతూ ఆటో తొమ్మిదిన్నరకు ఆసుపత్రి ముందు దించింది. ఇద్దరికీ నలభై తీసుకున్నాడు. లోపల చీటీ రాసే అమ్మాయి తల ఎత్తకుండానే, "ముందు కంటి స్కానింగ్ తీయాలక్కా. ఇప్పుడు మిషను ఫ్రీ లేదు," అంది. నేను పోయి బెంచీ మీద కూర్చున్నాను. అవ్వ కూర్చోలేదు. సంచి భుజాన వేసుకుని వాకిలి వైపు తిరిగింది.

"పోదాం పా, పాపా."

"యాడికవ్వా?"

"ఫ్రీ లేదంట కదా."

"ఖాళీ లేదని అవ్వా. లోపల ఇంకెవరికో తీస్తున్నారు. అర్ధగంట కూర్చుంటే మనల్ని పిలుస్తారు."

"దుడ్లు కట్టాలని కాదా?"

"ఈడ ఎవరూ ఏమీ కట్టరు."

అవ్వ మెల్లగా కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుని చెప్పింది. "శ్రావణంలో ఒకతూరి వస్తి. దీపావళి అయినాంక ఇంగొకతూరి వస్తి. రెండుతూర్లూ ఇదే మాట చెప్పినారు. బస్సు ఫ్రీ, ఇది ఫ్రీ లేదు అనుకుంటి. దుడ్లు యాడివి? తిరుక్కొని పోతి."

"మాకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే మీ నాయన ఇస్తాడు. అడిగినట్టయితాది కదా."

స్కానింగ్ అయ్యాక లోపలికి పిలిచారు. ఎడమ కంట్లో పొర ముదిరి, లోపల నీటి ఒత్తిడి పెరిగి, నరం చచ్చిపోయిందట. ఇక ఆ కంటికి చూపు రాదని డాక్టరమ్మ చెప్పింది. శ్రావణంలో చూపించి ఉంటే అని అడిగాను. "అప్పుడైతే మామూలు ఆపరేషన్‌తో సరిపోయేదమ్మా," అంది. కుడి కంట్లోనూ పొర ఉంది. గురువారం ఆపరేషన్. తర్వాత నెల రోజులు గంటలు చూసుకుని చుక్కలు వేయాలి, సీసాల మీది పేర్లు చదవగలిగిన మనిషి పక్కనుండాలి.

బయటికి వచ్చాక అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. నేను చీటీల గది వైపు నడవబోతే చెయ్యి పట్టుకుంది. "ఆ పాపనేమీ అనాకు. ఆ బిడ్డ సరిగ్గానే చెప్పింది."

సరిగ్గానే చెప్పింది. అదే నాకు మింగుడు పడలేదు. తిట్టడానికి ఒక్క మనిషి దొరికినా బాగుండేది.

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. అవ్వ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దారిలో బళ్లారి నుంచి మా అన్న ఫోన్. వదినకు నెల రోజులు ట్రైనింగ్ అట, బిడ్డను చూసుకోవడానికి బుధవారానికల్లా రమ్మన్నాడు. "అమ్మనడిగినా. నువ్వు ఫ్రీనే అంట కదా?" మళ్లీ చేస్తానని పెట్టేశాను.

ఊరికే, ఖాళీ, తీరిక, వదులు. మనకు వేరువేరు మాటలున్నాయి. అన్నీ పక్కన పెట్టి ఒక్క మాటతో నెట్టుకొస్తున్నాం, దానికేదో నాగరికత ఉన్నట్టు. నేనూ రోజుకు పదిసార్లు వాడతాను. అవ్వ రెండుసార్లు ఒంటరిగా, ఒక కన్ను మూసుకుని, అంత దూరం వచ్చి వెనక్కి పోయింది. ఆ రెండు రోజులూ నేను ఎమ్మిగనూరులోనే ఉన్నాను. ఎంత ఆలోచించినా ఆ కన్ను రాదు. ఈ రాతతోనూ రాదు.

పెద్దవాళ్లను ఆదోని ఆసుపత్రులకు పంపేవాళ్లకు ఒక మాట: ఆధార్ అసలు కార్డు ఇచ్చి పంపండి. ఎవరైనా లేదు అంటే, "ఖాళీ లేదా, డబ్బు కట్టాలా?" అని రెండో ప్రశ్న అడగమని చెప్పి పంపండి.

అన్నకు ఫోన్ చేసి చెప్పేశాను. నేను బళ్లారికి పోవడం లేదు. గురువారం ఆదోనిలో ఉంటాను, ఆ తర్వాత నెల రోజులు పల్లెలో అవ్వ ఇంట్లో ఉంటాను.