మౌసీ ఓడ ఎక్కిందా?

కిరండూల్ స్టేషన్ బయట చిన్నమ్మి ఇడ్లీ బండి దగ్గర మా ఆదివారం సభ మొదలైందంటే, స్టేషన్ మాస్టర్ కబురు పెట్టినా ఎవరూ కదిలేవారు కాదు. నేను బుకింగ్ క్లర్కుని కాబట్టి నాకు మాత్రం లేవక తప్పేది కాదు. తిట్టుకుంటూ లేచి, నాలుగు టికెట్లు కొట్టి, మళ్లీ పరుగున వచ్చి బల్ల మీద కూలబడేవాణ్ణి. మా సభలో చర్చ ఒక్కటే. దూరదర్శన్‌లో ఇరవై ఆరు వారాలు వచ్చి, కథ తేలకుండానే ఆగిపోయిన ‘నక్షత్ర యాన్’ అనే హిందీ సీరియల్. దాన్ని ముందుకు సాగదీస్తూ ఢిల్లీలో ఎవడో మహానుభావుడు రాస్తున్న నవలలు.

సీరియల్‌ని అందరం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఒక్క టీవీలోనే చూశాం. ఆకాశంలో తిరిగే ఓడ, దానికో కెప్టెన్, ఆయన వెంటపడే శత్రువులు. గనుల నుంచి ఇనపరాయి జపానుకి పోతున్న రోజులవి. మా ఊళ్లో చెట్లూ, గోడలూ, ఆరేసిన చొక్కాలూ అన్నీ ఎర్రదుమ్మే. అందుకని ఎర్ర గ్రహం చూపించిన వారం మాకేమీ వింతగా అనిపించలేదు.

నవలలు తెచ్చేది గూడ్సు డ్రైవర్ నూకరాజు. సెలవు మీద వాల్తేరు వెళ్లినప్పుడల్లా స్టేషన్లో కొని తెచ్చేవాడు. చదివేది గనుల ఆఫీసులో పనిచేసే చక్రధరరావు. హిందీలో ఒక పేజీ కళ్లతో చదువుకుని, మాకు తెలుగులో చెప్పేవాడు. కెప్టెన్ మాటలు వచ్చినప్పుడు పొట్ట లోపలికి పీల్చి, గొంతు లావు చేసుకునేవాడు. ఆ కెప్టెన్‌కి అంత పొట్ట లేదని మేము గుర్తుచేస్తూనే ఉండేవాళ్లం.

టీవీలో చూపిందే అసలు కథ, పుస్తకాల్లోది కూటికోసం అల్లిన కథ అని నా వాదన. అచ్చయిందంటే జరిగినట్టేనని నూకరాజు వాదన. దీని మీద మేమిద్దరం ఒక వర్షాకాలమంతా మాట్లాడుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు అది నాకు ప్రాణం మీదికొచ్చినంత సంగతి.

ఈ గోల మధ్య చిన్నమ్మి అడిగేది ఒకే ప్రశ్న.

“మౌసీ ఏదండీ బాబూ?”

మౌసీ అంటే ఓడలో వంటమనిషి. సీరియల్ మొత్తంలో ఆమెకు పట్టుమని పది మాటలు లేవు. గరిటె పట్టుకుని వెనకాల నిలబడి ఉండేది. మాలో సగంమందికి ఆమె మొహం కూడా గుర్తులేదు. చివరి వారం ఓడ ఒక పచ్చటి గ్రహం మీద వాలింది. శత్రువులు వస్తున్నారనగానే కెప్టెన్ హడావిడిగా పైకి లేపేశాడు. అంతే, సీరియల్ ఆగిపోయింది.

“ఓడ లెగిసే ముందర మౌసీ బిందె అట్టుకుని నీళ్లకి దిగింది. ఎక్కినట్టు సూపించనేదు,” అనేది చిన్నమ్మి.

“ఎక్కే ఉంటుందిలే,” అనేవాణ్ణి నేను.

“ఎక్కే ఉంటాదని ఎలాగ సెప్తారు? మీరు సూసేరా?”

చూడలేదు. ఎవరూ చూడలేదు. మేము మళ్లీ కెప్టెన్ సంగతిలో పడిపోయేవాళ్లం. ఆమె పిండి పోస్తూ ఉండిపోయేది.

చిన్నమ్మి శృంగవరపుకోట దగ్గర పల్లె మనిషి. మొగుడు పైడయ్య లైను మీద గ్యాంగ్‌మన్. పొడుగ్గా, గట్టిగా ఉంటుంది, పరాచికాలు పడవు. మాతో తెలుగు, పోలీసులతో హిందీ, సంత నుంచి ఆకుకూరలు తెచ్చే ఆడవాళ్లతో గోండీ. జ్వరమొచ్చినా బండి మూయగా నేను చూడలేదు. రాత్రంతా రాయి బండి నడిపి దిగినవాళ్లకి ముందు పెట్టి, ఆఫీసు బాబులకి తర్వాత పెట్టేది. చక్రధరరావు దీనికి చాలాసార్లు అలిగాడు. అలిగినవాడికి ఇంకా ఆలస్యంగా పెట్టేది.

నవలలు ఒక్కొక్కటే వచ్చాయి. కెప్టెన్‌కి పెళ్లయింది, శత్రువుకి బుద్ధి వచ్చింది, ఓడకి కొత్త రెక్కలు మొలిచాయి. మౌసీ మాత్రం ఎక్కడా లేదు. రాసినవాడు ఆమెను శుభ్రంగా మర్చిపోయాడు. “మరి ఇన్ని పుస్తకాలూ ఆళ్లు ఏటి తిని బతుకుతన్నారు?” అంది చిన్నమ్మి.

ఆరోది ఆఖరి నవల. అట్ట మీదే ఆ ముక్క వేశారు. ఆ ఆదివారం చిన్నమ్మి పొయ్యి తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుని, మా బల్ల చివర వచ్చి కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. చక్రధరరావు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, ఆమె వైపు చూసి, “అప్పుడు మౌసీ అందరికీ వేడివేడిగా పులుసు వడ్డించింది...” అన్నాడు.

చిన్నమ్మి మెల్లగా చెయ్యెత్తింది.

“మీరు నా మొకం సూసి సదవతన్నారు బాబూ. పుస్తకం సూడ్డం నేదు. అందులో నేని మాట సెప్పకండి.”

ఆయన పుస్తకం మూసేశాడు. మంచి మనసుతోనే చెప్పాడు పాపం. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

“మౌసీ సంగతి నీకెందుకంత పట్టింది అప్పా?” అని నూకరాజు అడిగాడు. ఇన్నాళ్లూ మేమెవరం అడగలేదు.

“మాయమ్మ పేరు గురమ్మ. ఈ లైను ఏసినప్పుడు గేంగుకి వంట సేసీది. నన్ను మాయమ్మమ్మ కాడ ఒగ్గీసి వచ్చింది. దంతెవాడ దాటేక వాగు మీద వంతెన కట్టినప్పుడు జొరం వచ్చిందట. పని అయిపోయి గేంగంతా లారీలెక్కి ముందుకెళ్లిపోనారు. గురమ్మ ఎక్కిందా అంటే, ఎక్కే ఉంటాది, ఎనక లారీలో వస్తాది అన్నారట. ఎనక లారీ వొచ్చింది. మాయమ్మ రానేదు. పైడయ్య నన్ను మనువాడతానన్నప్పుడు నాను అడిగింది ఒకటే. ఏ లైను మీద పని అని.”

‘ఎక్కే ఉంటుందిలే’ అని ఆమెతో ఎన్నిసార్లు అన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

నూకరాజు తేల్చేశాడు. “అయితే ఓడ ఎనక్కి తిరగాల.”

“ఎలా తిరుగుతుంది? ఇంధనం ముందుకే సరిపోతుందని మూడో పుస్తకంలో ఉంది,” అన్నాను. నా నోరు అలాంటిది.

చక్రధరరావు నా మీదికి లేచాడు. “టీవీలో చూపిందే అసలు కథ అన్నది మీరే కదండీ! టీవీలో ఇంధనం మాట ఎక్కడైనా వచ్చిందా?”

రాలేదు. నా వాదన నాకే చుట్టుకుంది. అంత హాయిగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు. ఓడ వెనక్కి తిరగొచ్చని సభ తీర్మానించింది. ఎటునుంచి తిరగాలి, ఎవరు దిగాలి అని గంటసేపు కొట్లాడుకున్నాం. చిన్నమ్మి అంతా విని లేచి, “అంతెత్తునున్న ఓడే తిరిగితే, మనం ఎల్లడానికి అడ్డమేటి?” అంది.

మరుసటి వారం ఇడ్లీ బండి మొదటిసారి మూతపడింది. పాసింజర్‌లో దంతెవాడ దాటి ఒక చిన్న స్టేషన్లో దిగాం. పైడయ్య ముందు నడిచాడు. గిన్నెలు నూకరాజు, బియ్యం సంచి చక్రధరరావు, నీళ్ల డబ్బా నేను. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను.

వంతెన పక్కన ఏమీ లేదు. ఇప్పచెట్లు, రాళ్లు, వాగు. గుర్తు ఏదైనా దొరుకుతుందని లోపల్లోపల నేను ఆశపడ్డాను, చిన్నమ్మి పడలేదనుకుంటాను. అటూ ఇటూ కాసేపు చూసి, మూడు రాళ్లు పేర్చి, పొయ్యి రాజేసి అన్నం వండింది, ఎండుచేపల పులుసు పెట్టింది. పట్టాల మీద పనిచేస్తున్న గ్యాంగు వాళ్లను కేకేసి పిలిచి, అందరికీ కడుపునిండా పెట్టింది. అంతకుముందే ఒక ఆకులో మొదటి ముద్ద వేరుగా తీసి ఇప్పచెట్టు మొదట్లో ఉంచింది. మేమంతా తిన్నాక దాని దగ్గర కూర్చుని బాగా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, “లెగే అమ్మా, బండి టయిమయింది,” అని స్టేషన్ వైపు నడిచింది.

మా రైల్వేవాళ్లందరికీ పాసులున్నాయి. టికెట్ కావలసింది చక్రధరరావు ఒక్కడికే. చిన్న కిటికీ ముందు నిలబడి నేను కిరండూల్‌కి రెండు టికెట్లు అడిగాను. ఉద్యోగం మొత్తంలో నేను రూలు తప్పింది అప్పుడేనేమో. అసలు అది రూలు తప్పడమో, పాటించడమో నాకు ఇప్పటికీ తెలియదు.

రైలు పెట్టెలో చిన్నమ్మి కిటికీ పక్క చోటు వదిలి కూర్చుంది. బచేలి దాటాక టీటీఈ వచ్చాడు. పాసులు చూశాడు, టికెట్లు తిప్పి చూశాడు.

“ఇవి రెండున్నాయి. రెండో మనిషి ఏరండీ? ఎక్కలేదా?”

నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మి కిటికీ వైపు ఒకసారి చూసి చెప్పింది.

“ఎక్కింది బాబూ. నాను సూసేను.”