తలకాయ ఉంటేనే పాట

సెలూనాయన జుట్టు కత్తిరిస్తూ పాటలు కట్టేవాడు. కుర్చీలో కూర్చున్న తలను బట్టి పాట వచ్చేది. పలచటి తలకు పొట్టి పాట, ఉంగరాల జుట్టుకు సాగదీసే పాట. కత్తెరే తాళం. "సుడి కాడ దారి తప్పెనే దువ్వెన, చెవి కాడ మళ్లీ తేలెనే" అని ఎత్తుకున్నాడంటే, బెంచీ మీదివాళ్లు తమ వంతు వచ్చినా లేచేవారు కాదు.

ఆయన బావమరిది మేడమీది గదిలో స్టూడియో పెట్టుకుని కంప్యూటరుతో సంగీతం చేసేవాడు. నడుము దాకా జుట్టు. దాన్ని బావ కత్తెర పాలు కాకుండా ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్నాడు. ఒకరోజు అతనే సెలూనుకు వచ్చాడు.

"బావా, నీ పాటలతో ఆల్బమ్ చేద్దాం. జానపదం నీది, ఎలక్ట్రానిక్ మోతలు నావి. జాజ్ కోసం శాక్సోఫోన్ మాష్టారు ఉన్నారు."

"జాజంటే?"

"పాట ఎటు పోతుందో వాయించేవాడికీ ముందు తెలీదు."

"ఓస్, మన పద్ధతే!"

తీరా మైకు ముందు నిలబడితే సెలూనాయనకు గొంతు పెగల్లేదు. నీళ్లు తాగాడు. దగ్గాడు. చేతులు జేబుల్లో పెట్టాడు, తీశాడు.

"ఏమైంది బావా?"

"ఎదురుగా తలకాయ లేదు కదరా! దేన్ని చూసి పాడను?"

మాష్టారు మెతక మనిషి. మెడకు తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. కత్తెర ఆడింది, పాట గలగలా వచ్చింది. మాష్టారు కూర్చున్న చోటే శాక్సోఫోన్ అందుకున్నారు. ముక్కులో వెంట్రుక పడి తుమ్మితే, ఆ తుమ్మూ సరిగ్గా తాళంలోనే పడింది. బావమరిది మురిసిపోయి దాన్ని పాటంతా మోగించాడు.

పాటకో తల కావాల్సి వచ్చింది. డ్రమ్ములాయన అయ్యాడు, వాచ్‌మన్ అయ్యాడు, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన పాపానికి ఆ బిల్లు కుర్రాడూ అయ్యాడు. చివరి పాట దగ్గరికి వచ్చేసరికి ఆ మేడలో కత్తిరించదగ్గ తల ఒక్కటే మిగిలింది. అందరూ అటే చూశారు.

"నా జోలికి రావద్దు!" అంటూ బావమరిది జడను గుప్పిట పట్టుకున్నాడు.

అప్పుడే క్యారేజీ తెచ్చిన వాళ్లక్క, అంటే సెలూనాయన భార్య, సంగతి విని, "కూర్చోరా," అంది.

"అక్కా, ఈ జుట్టే నా గుర్తింపు!"

"మొహం ఉంటుంది కదరా, గుర్తుపడతాంలే."

జుట్టు పొడుగు, పాటా పొడుగే. ఏడుస్తూ మీటలు తిప్పాడో ఏమో, అతని మోతల్లో సన్నని మూలుగొకటి చేరింది. ఆల్బమ్ విన్నవాళ్లంతా ఆ మూలుగే అద్భుతమన్నారు. అతను ఆ పొగడ్తలకు తల నిమురుకున్నాడు.

ఆల్బమ్ వచ్చిన రోజు సెలూనాయన ఒక పెద్దమనిషికి సగం క్షవరం చేసి ఉండగా ఎవరో దాన్ని ఫోనులో పెట్టారు. ఆయన చేయి ఆగిపోయింది. పక్క కుర్చీలో కూలబడి, కత్తెర ఒళ్లో పెట్టుకుని, ఎవరో కొత్త మనిషి పాటలా నోరు తెరుచుకుని విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. సగం తలతో ఉన్న పెద్దమనిషి ఆఖరి పాట దాకా ఓపిగ్గా కూర్చుని, అప్పుడు మెల్లగా దగ్గాడు.

"చాలా బాగుంది. ఈ రెండోవైపుకి కూడా ఏదైనా పాడతావా?"