నీళ్ల బరువు

మా కెమిస్ట్రీ సార్ పోయారు. నిన్న చిత్తూరు బస్టాండులో, తిరుపతి బస్సు దిగిన నా పాత స్నేహితురాలు ఆ మాట చెప్పి నా చేయి పట్టుకుంది. ఇద్దరమూ ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్లమే.

తిరుపతి కాలేజీలో, త్రాసు దగ్గరకు పోకముందే ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఎంత ఆమ్లం కావాల? ముందు నోటితో చెప్పు, ఆనక తూయి." ఆ ఆమ్లం తుల్యభారాన్ని కావలసిన గాఢతతో, అంటే నార్మాలిటీతో, లీటర్లలో ద్రావణం పరిమాణంతో గుణిస్తే గ్రాములు వస్తాయి. అది చెప్పలేకపోతే త్రాసు అద్దం తలుపు తీయనిచ్చేవారు కాదు. చెప్పినవాళ్లను మెచ్చుకునేవారా అంటే, అదీ లేదు.

ఇంటర్ ప్రాక్టికల్ పరీక్షలో నాకు ఆక్జాలిక్ ఆమ్లం వచ్చింది. దాని స్ఫటికాల్లో నీళ్లు కలిసే ఉంటాయి కాబట్టి తుల్యభారం అరవై మూడు. కంగారులో ఆ నీళ్లను మరిచిపోయి నలభై ఐదుతో లెక్క కట్టి, తక్కువ తూచాను. సార్ పక్కనే నిలబడి చూశారు. పెదవి విప్పలేదు. నేను ఫెయిలయ్యాను. ఆయన మీద ఒళ్లు మండిపోయింది.

"సదివింది సాలు, అంగట్లో కూర్చో" అన్నాడు నాయన. వడమాలపేటలో మాది బెల్లం అంగడి. వారం తిరక్కుండానే సార్ బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చారు.

"పాపకు లెక్క వస్తాది. నీళ్ల బరువు కలపలేదు, అంతే. ఏమప్పా, తేమ బెల్లమూ ఎండు బెల్లమూ ఒకే తూకానికి కొంటావా నువ్వు?"

"ఎట్ల కొంటాను సార్? తేమదైతే ఎక్కువ తూయించుకోవాల గదా!"

"పాప మరిచిపోయింది అదే. ఇంకోసారి పరీక్షకు పంపు."

నాయన నవ్వేశాడు. "అంతేనా! పంపిస్తాలే సార్."

సాగనంపుతూ ఉక్రోషంగా అడిగాను. "పరీక్షలోనే ఒక్క మాట చెప్పుంటే ఇంత దూరం వచ్చే పనుండేది కాదు గదా సార్?"

"ఆడ చెప్పకూడదు పాపా. చెప్పాల్సింది ఈడ" అంటూ బస్సెక్కారు.

ఆయన రాకపోయి ఉంటే నేను ఆ అంగట్లోనే ఉండిపోయేదాన్ని. ఇప్పుడు చిత్తూరులో కెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నాను.

ఈ ఉదయం ల్యాబులో ఒక పాపను ఆయన ప్రశ్నే అడిగాను. నలభై ఐదుతో లెక్క కట్టి చెప్పింది. ఇది పరీక్ష కాదు, చెప్పవచ్చు. చెప్పబోతే, ఆ రోజు బస్సెక్కుతున్న సార్ కళ్ల ముందు మెదిలారు. మూసి ఉన్న త్రాసు తలుపు ముందు, చెంచాలో తెల్లటి పలుకులు పట్టుకొని, ఆ పిల్ల నా మాట కోసం చూస్తూ నిలబడింది.